కలుపు మందు పంపు, మా టమాటా మొక్క

[దృశ్యం: మేడ మీద కుండీ. మెలి తిరిగిన టమాటా ఆకు, బాగా దగ్గరగా.]

నమస్కారం. ఇది టమాటా ఆకు అంటే నమ్ముతారా? ఈనెలన్నీ దగ్గరికి జరిగిపోయి, ఆకు ఎలుక తోకలా సాగింది. కొమ్మ కొస వంకీ తిరిగింది. వైరస్ తెగులేమో అనుకుని వేపనూనె కూడా కొట్టాను. తీరా చూస్తే తప్పు పంపుది. కాదులెండి, నాదే.

ఉప్పల్‌లో మాది మిద్దె తోట. ఏప్రిల్ ఎండలకు పూత రాలిపోతుంటే, పూత నిలిపే ఎన్‌ఏఏ మందు కొడదామని ఊరి నుంచి మామయ్య చేతిపంపు తెప్పించాను. దానితో అంతకుముందు వరిలో 2,4-డి అనే కలుపు మందు కొట్టారట. ఒకసారి నీళ్లతో కడిగి, చాలనుకున్నాను.

[దృశ్యం: పువ్వు కాడ. మధ్యలోని కణుపు మీద వేలు.]

పువ్వు కాడ మధ్యలో ఈ చిన్న కణుపు చూశారా? పువ్వు రాలేది ఇక్కడే. పువ్వు వైపు నుంచి ఆక్సిన్ అనే హార్మోను కిందికి వస్తున్నంత కాలం ఈ కణుపు గట్టిగా ఉంటుంది. అది తగ్గితే ఇక్కడి కణాలు విడిపోతాయి. ఎన్‌ఏఏ ఆ ఆక్సిన్‌కు మనుషులు చేసిన నకలు. 4.5 శాతం మందైతే 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. చాలు, అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములే. మూతతో ఉజ్జాయింపుగా పోసేవాళ్లను చూస్తే నాకు భయం. ఆపిల్ తోటల్లో పిందెలు రాల్చడానికి వాడేదీ ఈ ఎన్‌ఏఏనే మరి!

1940లలో వచ్చిన 2,4-డి కూడా ఆక్సిన్ నకలే. మొక్క తన సొంత ఆక్సిన్‌ను పని అయ్యాక విరగ్గొట్టుకుంటుంది. దీన్ని అంత తొందరగా విరగ్గొట్టలేదు. పెరగమనే కబురు ఆగకుండా అందుతూనే ఉంటుంది. వెడల్పాకు కలుపు అదుపు తప్పి పెరిగి, మెలికలు పడి చస్తుంది. గడ్డి జాతి కాబట్టి వరి తట్టుకుంటుంది. టమాటా తట్టుకోలేదు. పత్తి మరీ సున్నితం. పక్క మడి నుంచి గాలికి వచ్చిన తుంపరకే దాని ఆకులు బెండ ఆకుల్లా చీలికలు పడతాయి.

కలుపు మందుకు పంపు వేరుగా ఉంచుకోండి. పూత కోసమైతే ముందు ఆకుపచ్చ నీడవల కట్టి, పొద్దున్నే గుత్తిని వేలితో మెల్లగా తట్టి చూడండి. పుప్పొడి రాలి పిందె పడితే మందు ఖర్చే లేదు.

[దృశ్యం: ఖాళీ కుండీ. పక్కన పంపు.]

ఈ మొక్కను పీకేశాను. పంపు రేపు బస్సులో ఊరికి వెళుతుంది, ఒంటి మీద ఎర్ర రంగుతో 'కలుపు మందు' అని రాయించుకుని.