ఇది శిలాజం కాదు, బతికున్న కైటన్

(తెరపై: సముద్రపు ఒడ్డున, ఎండ పడుతున్న సున్నపురాయికి అతుక్కుని ఉన్న గోధుమరంగు జీవి.)

ఈ చిత్రాన్ని ఎవరికి చూపించినా "ట్రైలోబైట్ శిలాజమా?" అనే అడుగుతున్నారు. ట్రైలోబైట్లు అనే ప్రాచీన సముద్ర జీవులు సుమారు 25 కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించిపోయాయి. ఇది నత్తలకూ ఆల్చిప్పలకూ బంధువైన మొలస్కా వర్గపు జీవి. 1791లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త గ్మెలిన్ వర్ణించిన ఈ కైటన్ జాతిని నేడు అకాంతోప్లూరా గ్రాన్యులాటా అంటారు.

దీని రూపం అర్థం కావాలంటే పెంకుటింటి కప్పును తలుచుకోండి. నత్తకు ఉన్నట్టు ఒకే గుల్ల కాకుండా, ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా వరుసగా పరిచిన ఎనిమిది పెంకులు దీనికి ఉంటాయి. అవి విడివిడిగా కదులుతాయి కనుకనే ఈ జీవి ఎగుడుదిగుడు రాతిని కరుచుకుని ఉండగలదు, రాతి నుంచి ఊడదీస్తే ఉండలా ముడుచుకోగలదు. ట్రైలోబైట్లు కూడా అలాగే ముడుచుకునేవి, జనం పొరబడటానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక చూరు సంగతి. పెంకుల చుట్టూ ఉన్న మందపాటి కండపట్టీ నిండా సున్నంతో ఏర్పడిన పొట్టి ముళ్లు ఒత్తుగా ఉండి, తెలుపు, నలుపు చారలుగా కనిపిస్తాయి. దాదాపు 7 సెంటీమీటర్ల వరకు పెరిగే ఈ జీవిని గుర్తుపట్టడానికి నన్నడిగితే పెంకులకంటే చూరునే నమ్మాలి, ఎందుకంటే వయసు మళ్లినవాటి పెంకులు అరిగిపోయి, అసలు నగిషీ ఏమిటో తెలియనంతగా వెలిసిపోతాయి.

(తెరపై: భూతద్దం కింద పెంకు అంచు.)

నన్ను ఈ జీవి వెంట తిప్పుకుంటున్నది మాత్రం ఈ చుక్కలే. పెంకుటింట్లో వెలుతురు కోసం అక్కడక్కడా గాజు పెంకు పెడతారు కదా, ఇక్కడ ఆ గాజు వేరే పదార్థం కాదు, పెంకు పదార్థమే. మిల్లీమీటరులో పదోవంతు కూడా లేని ఈ నల్లటి చుక్కలు నిజమైన కళ్లు. మన కంటి కటకం ప్రొటీనుతో తయారైతే, వీటి కటకం అరగొనైట్ అనే ఖనిజంతో తయారవుతుంది. ఒక్కో జీవికి ఇవి వందల సంఖ్యలో ఉంటాయి. 2011లో ప్రచురితమైన ప్రయోగాలలో, తలపైన నల్లటి వృత్తం కనిపించినప్పుడు ఇవి రాతికి గట్టిగా అతుక్కున్నాయి. అంతే మేరకు వెలుతురు మాత్రమే తగ్గించినప్పుడు అలా చేయలేదు. అంటే ఇవి నీడనే కాదు, ఆకారాన్ని కూడా పసిగట్టగలవు. కప్పు అరిగేకొద్దీ పాత కళ్లు పోతాయి, పెరుగుతున్న అంచుల వెంట కొత్తవి పుడతాయి.

సమయం దగ్గరపడింది కనుక విస్తృతిని క్లుప్తంగా చెబుతాను. దక్షిణ ఫ్లోరిడా, బహామాస్, కరీబియన్ దీవులు, మధ్య అమెరికా తూర్పు తీరం, అక్కడి నుంచి వెనిజులా వరకు ఇది కనిపిస్తుంది. లోతు నీటిలో వెతకనక్కరలేదు; అలలు కొట్టే రాళ్ల మీద, ఆటుపోట్ల మధ్య భాగంలోనే ఇది ఉంటుంది. పగలు ఎండలో కదలకుండా ఉండి, రాత్రి తడి ఉన్నప్పుడు బయలుదేరి, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు పూత ఉన్న పళ్లతో రాతి మీది నాచును గీకి తింటుంది. ఆ పళ్ల గురించి వచ్చే వీడియోలో చెబుతాను.