మైనస్ 30లో నిలబడటానికి ఒక కోటు

అందరికీ నమస్కారం.

ఈ గంటసేపు ఒకే ఒక్క కోటు గురించి మాట్లాడుకుందాం. మైనస్ 20, మైనస్ 30, ఇంకా కిందికి దిగే చలిలో వేసుకునే బరువైన డౌన్ పార్కా, అంటే పక్షి నూగు నింపిన, తలను కప్పే హుడ్డు ఉన్న పొడవాటి కోటు. దీన్ని మొదటిసారి కొనేవాళ్లు దుకాణంలో ముందుగా అడిగేది 'ఫిల్ పవర్ ఎంత?' అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: 'ఇందులో డౌన్ ఎన్ని గ్రాములు నింపారు?' ఈ రెండు ప్రశ్నలకూ తేడా తెలిసినవాళ్లకు సగం ఎంపిక అయిపోయినట్టే.

డౌన్ అంటే ఈకలు కాదు. బాతు, గూస్ లాంటి నీటి పక్షులకు పైకి కనిపించే ఈకల అడుగున మెత్తని నూగు ఉంటుంది. ఈకకు నడుమ గట్టి కాడ ఉంటుంది, నూగుకు ఉండదు. చిన్న మొదలు నుంచి అన్ని దిక్కులకూ సన్నని పోగులు విచ్చుకుని ఉంటాయి, జిల్లేడు కాయ పగిలి గాలిలో తేలే పింజలాగా. ఆ పోగుల మధ్య గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా పోతుంది. వేడిని పుట్టించేది మన ఒళ్లు. కోటు పనల్లా గాలిని కదలకుండా పట్టి ఉంచడమే. కుట్టు, జిప్పు, హుడ్డు, కొలత, చివరికి ఉతకడం కూడా, దేని గురించి మాట్లాడినా ఈ కదలని గాలి దగ్గరికే వస్తాం.

ఇక ఫిల్ పవర్. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల డౌన్‌ను గొట్టంలో వేసి, పైన నిర్ణీతమైన బరువు పెట్టి, అది ఎన్ని ఘనపు అంగుళాల మేర ఉబ్బుతుందో చూస్తారు. 600 వస్తే ఫర్వాలేదు, 700 మంచిది, 800 దాటితే చాలా మంచిది. ఇది నూగు నాణ్యత చెప్పే సంఖ్య. కోటులో ఎంత నూగు ఉందో ఇది చెప్పదు. లెక్క కట్టి చూడండి. 800 ఫిల్ పవర్ డౌన్ 300 గ్రాములు నింపితే దాదాపు 8,500 ఘనపు అంగుళాల ఉబ్బు వస్తుంది. 600 ఫిల్ పవర్ డౌన్ 400 గ్రాములు నింపినా అంతే వస్తుంది. రెండో కోటు 100 గ్రాములు బరువెక్కుతుంది, అంతకుమించి వెచ్చదనంలో తేడా లేదు. అదే 850 అని గొప్పగా రాసి 150 గ్రాములే నింపిన కోటు 4,500 దగ్గరే ఆగిపోతుంది. లేబుల్ మీద పెద్ద సంఖ్య ఉన్న ఆ కోటే ఈ మూడింటిలో చల్లనిది.

పరీక్షకు ముందు డౌన్‌ను సిద్ధం చేసే పద్ధతిని బట్టి కూడా, అంటే ఆవిరి పట్టించారా లేదా అన్నదాన్ని బట్టి, అదే నూగుకు వేర్వేరు సంఖ్యలు వస్తాయి. అందుకని 750కీ 800కీ మధ్య తేడా కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 550కీ 800కీ మధ్య తేడా మాత్రం నిజమైనదే. గ్రాములు చెప్పని తయారీదారుకు ఉత్తరం రాసి అడగండి. చెప్పకపోతే ఆ కోటును పక్కన పెట్టేయమనే మా సలహా. నూగు, ఈకల పాళ్లు కూడా చూడండి. 90:10 అంటే తొంభై పాళ్లు నూగు, పది పాళ్లు చిన్న ఈకలు. 80:20 కూడా వాడదగ్గదే, కాస్త బరువు. గూస్ నూగు సగటున పెద్దది కాబట్టి ఎక్కువ ఫిల్ పవర్‌లు చాలావరకు గూస్‌వే. అలాగని నాసి గూస్ కన్నా మంచి బాతు డౌన్ తీసిపోదు. బతికున్న పక్షుల నుంచి పీకారేమో అనే బెంగ ఉన్నవాళ్లు 2014లో మొదలైన రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ గుర్తు చూసుకోవచ్చు. బతికుండగా పీకడాన్నీ, బలవంతపు మేతనూ అది ఒప్పుకోదు.

మరి ఎన్ని గ్రాములు కావాలి? జవాబు మీరు ఆ చలిలో ఏం చేస్తారన్నదాని మీద ఉంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది. చురుగ్గా నడిస్తే 300 వాట్ల దాకా వెళుతుంది. అంటే మైనస్ 25లో బస్సు కోసం కదలకుండా నిలబడ్డవాడికీ, అదే చలిలో మంచు తవ్వేవాడికీ ఒకే కోటు కుదరదు. బరువైన పార్కా నిలబడేవాళ్ల కోటు. మధ్యరకం కొలతలో, తొడల సగం దాకా వచ్చే కోటుకు, 700 నుంచి 800 ఫిల్ పవర్‌తో, మైనస్ 20 దాకా 200 నుంచి 250 గ్రాములు, మైనస్ 30, 40లలో నిలబడాలంటే 300 నుంచి 400 గ్రాములు అని మేం లెక్క వేసుకుంటాం. ఇది లోపల ఒక ఉన్ని పొర, కింద మంచి ప్యాంటు, తగిన బూట్లు ఉన్నప్పటి మాట. కాళ్లు గడ్డకడుతుంటే పైన ఎంత డౌన్ ఉన్నా వణుకు ఆగదు.

కోటుకు కట్టిన చీటీ మీద 'మైనస్ 40 వరకు' అని ఉంటే నమ్మాలా? స్లీపింగ్ బ్యాగులకు ఐఎస్ఓ 23537 అనే ఉమ్మడి పరీక్ష ఉంది. చలిలో పనిచేసేవాళ్ల దుస్తులకు యూరప్‌లో ఈఎన్ 342 అనే ప్రమాణం ఉంది. మామూలుగా అమ్మే పార్కాలకు అందరూ పాటించే అలాంటి కొలమానం లేదు. ఒక తయారీదారు మైనస్ 30నూ ఇంకొకరి మైనస్ 30నూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. గాలిని కూడా కలుపుకోండి. మైనస్ 20లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, కప్పుకోని చర్మానికి అది మైనస్ 33 లాగా ఉంటుంది.

కుట్టు దగ్గరికి వద్దాం. నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే, ఎందుకంటే కొనేటప్పుడు ఎవరూ చూడనిది ఇదే.

1922లో ఎవరెస్ట్ యాత్రకు పర్వతారోహకుడు జార్జ్ ఫించ్ బెలూన్లు చేసే గుడ్డలో ఈడర్ బాతు నూగు నింపిన కోటు వేసుకెళ్లాడు. 1936లో అమెరికాలో ఎడ్డీ బావర్ డౌన్ జాకెట్‌ను వజ్రాకారపు కుట్లతో తయారుచేశాడు. అంత కుట్టు ఎందుకంటే, అరలు లేకపోతే నూగంతా జారి అడుగున చేరుతుంది, భుజాలు ఖాళీ అవుతాయి. అయితే అర కట్టే పద్ధతులు రెండు. మొదటిది బొంత కుట్టినట్టు పై గుడ్డనూ లోపలి గుడ్డనూ కలిపి కుట్టేయడం. సులువు, తేలిక. కానీ కుట్టు పడిన ప్రతి గీత దగ్గరా రెండు గుడ్డలు అంటుకుపోతాయి, మధ్యలో నూగు ఉండదు. ఆ గీత పొడుగునా చలి లోపలికి దిగుతుంది. రెండోది, రెండు గుడ్డల మధ్య సన్నని గుడ్డగోడలు నిలబెట్టి, పెట్టెల్లాంటి అరలు చేయడం. ఇందులో నూగు మందం ఎక్కడా తెగదు. మైనస్ 30కి దిగే చోట ఇదే కావాలి. లేదా, కలిపి కుట్టిన పొర మీద నూగు నింపిన రెండో పొరను కుట్లు ఒకదాని మీద ఒకటి పడకుండా వేసినది అయినా ఫర్వాలేదు. కనిపెట్టడం తేలికే. కుట్టు గీత మీద వేలూ బొటనవేలూ పెట్టి పట్టుకోండి. గుడ్డకు గుడ్డ తగిలితే మొదటి రకం, మధ్యలో మెత్తగా మందం తగిలితే రెండో రకం.

కోటును దీపానికి అడ్డంగా పట్టి చూడండి. లేత రంగు గుడ్డైతే నూగు లేని చోట్లు వెలుతురుగా కనిపిస్తాయి. ముఖ్యంగా భుజాల పైభాగం, చేతుల మొదలు, హుడ్డు వెనక. తర్వాత గుప్పెడు పట్టి నొక్కి వదలండి. మంచి నింపుడు కొన్ని క్షణాల్లో మళ్లీ పొంగుతుంది. మరీ కుక్కి నింపినది గట్టిగా ఉంటుంది, అందులో నూగు విచ్చుకోదు. మరీ వదులుగా నింపినది అరలో ఒక పక్కకు జారుతుంది.

పై గుడ్డ విషయంలో చాలామంది నీరు పట్టనిదే కావాలంటారు. లోతైన చలిలో వాన పడదు, మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. అక్కడ కావాల్సింది గాలి దూరని బిగువైన నేత. నీరు ఆపే పొర ఎంత ఆవిరిని బయటికి వదిలినా మామూలు గుడ్డంత వదలదు. ఒంటి చెమట ఆవిరై బయటికి వస్తూ డౌన్ మధ్యలోనే చల్లబడి నీరవుతుంది, ఇంకా చల్లని చోట గడ్డకడుతుంది. ఎండబెట్టే వీలులేని ప్రయాణంలో రోజు రోజుకూ కోటు బరువెక్కుతుంది, ఉబ్బు తగ్గుతుంది. అందుకే చెమట పట్టేదాకా ఆగకుండా ముందే జిప్పు దించాలి. నడిచేటప్పుడు కోటు సంచిలో, ఆగిన వెంటనే ఒంటి మీద. సున్నా చుట్టూ తిరిగే తడి మంచు ప్రాంతాల మాట వేరు. తడిసిన నూగు ముద్దయిపోతుంది. అక్కడ సింథటిక్ దూది నింపిన కోటు గానీ, డౌన్ పైన వానకోటు గానీ మేలు.

హుడ్డు లేకుండా బరువైన పార్కా కొనొద్దు. అది ముఖం ముందుకు గొట్టంలా సాగాలి, అంచులో వంచితే నిలిచే తీగ ఉండాలి. అప్పుడు ముఖం ముందు గాలి సుడులు తగ్గి, ఊపిరి వేడి కాసేపైనా అక్కడే నిలుస్తుంది. అంచున బొచ్చు పెట్టేది అందం కోసం కాదు, పొడవూ పొట్టీ వెంట్రుకలు గాలిని విరగ్గొడతాయి. చలిదేశాల్లో తిరిగే వుల్వరీన్ అనే జంతువు బొచ్చుకు పట్టిన మంచు దులిపితే రాలుతుంది, కృత్రిమ బొచ్చుకు పట్టింది అంత సులువుగా వదలదు. జంతువు బొచ్చు ఇష్టం లేనివాళ్లు దిగులుపడక్కర్లేదు, పనిలో పెద్ద వాటా గొట్టపు ఆకారానిదే. కాలరులోకి ఊపిరి వదలకండి. నోటి ముందు విడిగా మెడపట్టీ వేసుకుంటే తడిసేది అది, డౌన్ కాదు.

జిప్పు పెద్ద పళ్లది, ప్లాస్టిక్‌ది తీసుకోండి. లోహం చర్మానికి అంటుకుంటుంది. కింది నుంచీ తెరుచుకునే రెండు వైపుల జిప్పు అయితే కూర్చోవడానికీ, మెట్లెక్కడానికీ వీలు. జిప్పు వెనక డౌన్ నింపిన పట్టీ లేకపోతే మెడ నుంచి తొడ దాకా ఒక చల్లని గీత మిగులుతుంది. మందపాటి చేతితొడుగులు వెంట తీసుకెళ్లి, వాటితోనే జిప్పు పైకీ కిందికీ లాగి చూడండి. లాగలేకపోతే అవసరమైన వేళ వేళ్లు బయట పెట్టాల్సివస్తుంది. మణికట్టు దగ్గర లోపల బిగువైన అల్లిక, పైన చేతితొడుగు మీదికి వచ్చే బయటి అంచు ఉండాలి. లోపలి జేబు ఒకటి తప్పదు. లిథియం బ్యాటరీ చలిలో చప్పున డీలా పడుతుంది, ఫోను ఒంటికి దగ్గరగా ఉండాలి.

కొలత చూసేటప్పుడు లోపల వేసుకునే ఉన్ని పొరతో సహా వేసుకోండి. చేతులు ముందుకు చాచి, ఎత్తి, వంగి, కూర్చుని చూడండి. వీపు మీద బిగిసిందా, అక్కడ నూగు నలిగి పలచబడుతుంది. మరీ వదులైతే కదిలినప్పుడల్లా కొలిమి తిత్తిలా వెచ్చని గాలిని బయటికి తోసి, చల్లగాలిని లోపలికి పీలుస్తుంది. వీపు సంచి పట్టీల కిందా ఇలాగే నలుగుతుంది. కారులో మాత్రం ఈ కోటు మీద సీటు బెల్టు పెట్టుకోకండి. బెల్టుకూ ఒంటికీ మధ్య ఉన్న ఉబ్బు ప్రమాదంలో ఒక్కసారిగా అణిగి బెల్టు వదులైపోతుంది. పిల్లల సీట్లలో ఇది మరీ ప్రమాదం. పిల్లను మామూలు బట్టలతోనే సీటులో బెల్టు పెట్టి, కోటు పైన దుప్పటిలా కప్పండి.

ఇంట్లోకి వచ్చే ముందే మంచు దులపండి, లోపలికి వచ్చాక అది కరిగి నీరవుతుంది. కుట్టులోంచి ఈక కొన బయటికి వస్తే లాగకండి, లోపలి వైపు నుంచి పట్టుకుని వెనక్కి లాగండి. ఉతకాల్సి వస్తే ముందు నుంచి తెరిచే యంత్రంలో, డౌన్ కోసం చేసిన ద్రవంతో, రెండు మూడు సార్లు జాడించండి. మెత్తదనం కోసం కలిపే ద్రవాలు, బ్లీచ్ వద్దు. తీసేటప్పుడు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాలి, తడి నూగు బరువుకు లోపలి గోడలు చిరుగుతాయి. ఆరబెట్టడమే అసలు పని. ఆరబెట్టే యంత్రంలో, తక్కువ వేడిలో, శుభ్రమైన టెన్నిస్ బంతులు రెండు మూడు వేసి తిప్పాలి. బరువైన పార్కాకు మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. పైగుడ్డ పొడిగా తగిలినంత మాత్రాన ఆరినట్టు కాదు. అరలను వేళ్లతో తడమండి, చిన్న ఉండ తగిలినా అక్కడింకా తడి ఉన్నట్టే, మళ్లీ యంత్రంలో వేయాలి. ఆరాక వెడల్పాటి హ్యాంగరుకు వదులుగా వేలాడదీయండి. నెలల తరబడి మూటలో కుక్కి ఉంచిన నూగు విరిగి, ముందున్న ఉబ్బుకు పూర్తిగా తిరిగి రాదు.