కరకట్ట నమూనా గీసే ముందే

సభకు నమస్కారం.

న్యూజిలాండ్‌లో స్థిరపడిన తెలుగువారిలో ఇంజనీర్లు, సర్వేయర్లు, ప్రణాళికా ఉద్యోగులు ఎందరో ఉన్నారు. నదీ తీరాల పనుల దరఖాస్తులు మీలో కొందరి బల్లల మీదికే వస్తుంటాయి. అందుకే సూటిగా ఒక్క విషయమే మాట్లాడతాను. గట్టు కోతను ఆపడానికి రాళ్లు పేర్చినా, వరదను ఆపడానికి కరకట్ట ఎత్తు పెంచినా, ఆ నదిని నమ్ముకున్న మావోరీలను, అంటే న్యూజిలాండ్ మూలవాసులను, ఏ దశలో అడుగుతున్నాం? నమూనా పూర్తయి, టెండరు సిద్ధమయ్యాక అడిగితే దాన్ని నేను సంప్రదింపు అనను. అప్పటికి జరిగేది కబురు చెప్పడమే.

ఈ విషయంలో ఆ దేశపు చరిత్ర బరువైనది. 1891లో వాంగనుయి నదికి ఒక ట్రస్టును ఏర్పాటు చేశారు. ఆవిరి పడవలు తిరగడానికి దారి సుగమం చేయాలన్నది దాని పని. ఆ పనిలో మావోరీలు మలుగుపాములు పట్టడానికి నదిలో కట్టుకున్న చేపల కట్లను పడగొట్టారు. వారి అభ్యంతరాలను పక్కన పెట్టారు. పడవల వారి లెక్కలో అవి అడ్డంకులు. ఆ కుటుంబాలకు మాత్రం అవే తిండి, హక్కు, తాతల చేతిపని.

రంగిటైకీ నది కథ కూడా చెప్పాలి. 1910లో ప్రత్యేక చట్టం చేసి అక్కడి విశాలమైన చిత్తడి నేలను ఎండగట్టడానికి పూనుకున్నారు. 1914లో నదిని తిన్నగా సముద్రంలోకి మళ్లించారు. చిత్తడిని ఆధారం చేసుకున్న మావోరీ తెగలు చేపలను, పక్షులను, అల్లికలకు వాడే నారను పోగొట్టుకున్నాయి. ఆ ఎండగట్టిన మైదానంలోనే ఎడ్జ్‌కంబ్ పట్టణం ఉంది. 1987 భూకంపంలో అక్కడి నేల ఇంకా కుంగింది. 2017 ఏప్రిల్ 6న కాంక్రీటు వరద గోడ తెగి నీళ్లు పట్టణంలోకి వచ్చాయి, ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. నీటిని ఒకచోట కట్టడి చేసిన పనికి తర్వాతి తరాలు ఎంతకాలం కాపలా కాయాలో ఆ మైదానం చెబుతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. 1991 నాటి వనరుల నిర్వహణ చట్టం ప్రకారం నదీ గర్భంలో తవ్వడానికైనా, కట్టడానికైనా, నీటిని మళ్లించడానికైనా ప్రాంతీయ ప్రణాళిక అనుమతించకపోతే ప్రాంతీయ మండలి నుంచి సమ్మతి తీసుకోవాలి. మావోరీలకు తమ పూర్వీకుల నేలతో, నీటితో ఉన్న అనుబంధం జాతీయ ప్రాముఖ్యమున్న అంశమని ఆరవ సెక్షన్ చెబుతుంది. 1840లో బ్రిటిష్ రాజ్యానికి, మావోరీ పెద్దలకు కుదిరిన వైటాంగి ఒప్పంద సూత్రాలను లెక్కలోకి తీసుకోవాలని ఎనిమిదవ సెక్షన్ చెబుతుంది. అయితే ఒక్కో దరఖాస్తు విషయంలో సంప్రదించి తీరాలన్న బాధ్యత ఈ చట్టం కింద లేదని 2005 సవరణ తేల్చింది. సంప్రదించి ఉంటే ఆ వివరాలు నివేదికలో రాయాలి, అంతే. చాలామంది సలహాదారులు ఈ వాక్యం దగ్గరే ఆగిపోతారు. చట్టం బలవంతపెట్టలేదు కాబట్టి అవసరం లేదనుకుంటారు. ఆ లెక్క తప్పని నా గట్టి నమ్మకం.

ఇనంగా అనే చిన్న చేప సంగతి చూడండి. పెద్ద పోటు వచ్చినప్పుడు అది నదీముఖం దగ్గర ఒడ్డున మునిగిన గడ్డి మొదళ్లలో గుడ్లు పెడుతుంది. నీరు తీశాక ఆ గుడ్లు తడి గడ్డిలోనే ఉండి, మళ్లీ పెద్ద పోటు వచ్చినప్పుడు పిల్లలవుతాయి. సరిగ్గా ఆ కొద్ది మీటర్ల గట్టు మీద రాతి కట్టడం పరిచేస్తే గడ్డి ఉండదు, గుడ్లకు చోటుండదు. ఆ కొద్ది మీటర్లు ఎక్కడున్నాయో నది మ్యాపులో కనబడదు. అక్కడ చేపలు పట్టే ఇళ్లవారికి తెలుసు. ముందే అడిగితే ఆ భాగంలో వాలు తగ్గించి, గడ్డి ఉంచి, రాళ్లను పైకి జరపవచ్చు. పని మొదలయ్యాక తెలిస్తే నమూనా మార్చే ఖర్చు ఎవరూ ఒప్పుకోరు.

మలుగుపాము కథ ఇంకా బాధాకరం. పొడవు రెక్కల జాతి ఆడ మలుగులు దశాబ్దాలపాటు మంచినీటిలో పెరిగి, జీవితంలో ఒకే ఒక్కసారి గుడ్లు పెట్టడానికి పసిఫిక్ మహాసముద్రంలోకి పోతాయి. శరత్కాలపు వానలకు నది పొంగినప్పుడు అవి కిందికి కదులుతాయి. కరకట్ట వెనకాల నీటిని తోడే పంపులు నడిచేదీ ఆ పొంగులోనే. పంపు రెక్కల మధ్య నుంచి చాలా చేపలు ప్రాణాలతో బయటపడవు. చేపలకు హాని తక్కువగా ఉండే పంపులు ఇప్పుడు దొరుకుతున్నాయి, కానీ ఆ ఎంపిక కొనుగోలు పత్రంలోనే ఉండాలి.

శ్మశానాల సంగతి మరీ సున్నితం. పాత ఊళ్లు, శ్మశానాలు ఎక్కువగా నదుల ఒడ్డునే ఉండేవి. కోతలో ఎముకలు బయటపడితే పని ఆపాల్సిందే. 1900కు ముందటి పురావస్తు స్థలాన్ని కదిలించాలంటే 2014 వారసత్వ చట్టం కింద విడిగా అనుమతి కావాలి. తమ పెద్దల ఎముకలు తవ్వే యంత్రపు బొచ్చెలోకి రావడాన్ని ఎవరు సహిస్తారు?

అత్యవసరం వస్తే ఏం చేస్తారని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపాను 11 మంది ప్రాణాలు తీసింది. హాక్స్ బే ప్రాంతంలో నదులు కట్టలు దాటి ఊళ్లను ముంచాయి. ఆ తర్వాత తెచ్చిన పునరుద్ధరణ చట్టం, అనుమతుల ప్రక్రియను ప్రభుత్వ ఉత్తర్వులతో కుదించే వీలు కల్పించింది. నేను ఆ తొందరను తప్పుపట్టను. ప్రాణం నిలిపే గట్టు కోసం ఏళ్ల తరబడి ఆగడం అన్యాయం. అయితే ఆ వరదలో టాంగోయో సమాజపు మావోరీ సభాప్రాంగణం కూడా మునిగిందని మరవకండి. మావోరీలు వరద పనులకు అడ్డుపడేవారన్న ముద్ర ఎంత అబద్ధమో ఇక్కడే తెలుస్తుంది. వరదలో మునిగినవారిలో వారూ ఉన్నారు. కుదించిన గడువులో ముందుగా ఎవరి వంతు కోసేస్తామన్నదే అసలు పరీక్ష.

కొన్ని నదుల దగ్గర పరిస్థితి మారింది. వైకాటో నది కోసం 2010 చట్టం తెచ్చిన, నదిని ఎలా కాపాడుకోవాలో చెప్పే దార్శనిక పత్రానికి, దానితో పొసగని జాతీయ విధాన ప్రకటనల కంటే పైచేయి ఉంది. వాంగనుయి నదిని 2017 మార్చిలో పార్లమెంటు చట్టపరమైన వ్యక్తిగా గుర్తించింది. నది తరఫున మాట్లాడేందుకు ఇద్దరు ఉంటారు, ఒకరిని తెగలు, మరొకరిని ప్రభుత్వం సూచిస్తాయి. 3 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నిధి కూడా ఇచ్చారు. అదే నెలలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలను చట్టపరమైన వ్యక్తులుగా ప్రకటించింది. జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. వాంగనుయి దగ్గర ఆ హోదా వెనక, 1938 నుంచి కోర్టుల్లో నడిచిన తెగల పోరాటం, సంరక్షకులు, డబ్బు ఉన్నాయి. గంగ, యమునల విషయంలో కోర్టు కొందరు అధికారులను సంరక్షకులుగా పేర్కొన్నా, అలాంటి పోరాటం, నిధి వెనక లేకుండానే తీర్పు వచ్చింది.

మీలో పనిలో ఉన్నవారికి నా అభ్యర్థన ఇది. తర్వాతి ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడు, సర్వే ఖర్చు రాసే పట్టికలోనే ఆ తెగ చేసే సాంస్కృతిక ప్రభావ అంచనాకు కూడా పారితోషికం రాయండి. వారి పరిజ్ఞానాన్ని ఉచితంగా ఆశించకండి. మీ నేల పరీక్షకు డబ్బిస్తారు కదా! మొదటి సమావేశాన్ని వారి సభాప్రాంగణంలో పెట్టండి, ఖాళీ పటంతో వెళ్లండి. పని ముగిశాక గట్టును ఎవరు పరిశీలిస్తారు, ఎన్నేళ్లు, నష్టం కనబడితే ఎవరికి కబురు వెళుతుంది అన్నవి అనుమతి షరతుల్లో ఆ తెగ పేరుతో సహా రాయించండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.