చలికాలంలో పెరటి అరటి: ఏది కోయాలి, ఏది వదలాలి

నమస్కారం. ఇది ఒడిశా కొండల్లోని కొరాపుట్‌లో మా పెరడు. ఘాట్ దిగి సాలూరు వెళితే అరటికి చలి బెంగ ఉండదు. ఇక్కడ సుమారు 870 మీటర్ల ఎత్తు కదా, మార్గశిరం వచ్చిందంటే చెట్టు ముడుచుకుపోతుంది. ఇదిగో, ఈ మొవ్వాకు చూడండి. పది రోజులుగా ఇలాగే చుట్ట చుట్టుకుని ఉంది. జబ్బేమీ కాదు, చలికి ఎదుగుదల ఆగింది. ఇప్పుడు ఎరువు వేయకండి.

పాదులో ఎండుగడ్డి జానెడు మందాన పరవండి. ఇలా. కాండానికి ఆనించకండి, కుళ్లుతుంది. నీళ్లు తగ్గించండి, పోసేది పొద్దున పోయండి. అంతే.

ఇప్పుడు ఆకులు. సగానికి మించి మచ్చలు పట్టినవి కోసేయండి. అది సిగటోకా అనే ఆకుమచ్చ తెగులు, కోసిన ఆకు పాదులో వేయకండి. పచ్చాకు మాత్రం ముట్టుకోవద్దు. మార్గశిర గురువారాల పూజకు వీధిలో అందరూ ఆకు అడుగుతారు, కాదనలేం. చెట్టుకు ఒకటి, అదీ అన్నిటికంటే కిందిది ఇవ్వండి. గెల వేసిన చెట్టుదైతే అదీ వద్దు. గెలకు తిండి పెట్టేవీ, దుప్పటిలా కప్పేవీ ఆ ఆకులే.

ఇక పిలకలు. ఇక్కడ నెమ్మదిగా చూడండి. రెండేళ్లపాటు నేను వీటిని నేలకు సమంగా కొడవలితో కోసి, పని అయిపోయిందనుకునేదాన్ని. వానాకాలంలో అయితే మర్నాటికే కోసిన చోట నడిమధ్య నుంచి తెల్లగా వత్తిలా పైకి లేచేది. మళ్లీ కోసేదాన్ని, మళ్లీ లేచేది. ఎందుకంటే మనం కాండం అనుకునేది ఆకుల దొప్పల చుట్ట. అసలు కాండం భూమిలోని దుంప. మొలక ఆ దుంప నెత్తిన ఉంటుంది. అందుకని కోశాక గునపం మొనను నడిమధ్యలో దించి, ఇలా గుండ్రంగా తిప్పి, పెకలించాలి. ఇదిగో, వేలెడంత, తెల్లగా, మెత్తగా. ఇది బయటికి వస్తేనే పిలక పోయినట్టు. ఇంకొకటి చూపిస్తాను... దించాను, తిప్పాను, వచ్చింది. కొందరు కిరోసిన్ పోస్తారు. తినే పంట పాదులో నేను పోయను, గునపం చాలు. పాత చీర కట్టుకుని చేయండి, అరటి కర మరక పోదు.

ఉంచాల్సింది ఒక్కటే పిలక. అడుగున లావుగా, కత్తిలా సన్నటి ఆకులతో ఉన్న సూది పిలక. ఈ వెడల్పాకులది నీటి పిలక, బలం ఉండదు.

గెల కోసిన తల్లిని మొదలంటా నరకకండి. నడుమెత్తున వదలండి, అందులోని సారం పిలకకు అందుతుంది. పై ముక్కలోని దవ్వ ఇవాళ మా ఇంట్లో పెసరపప్పు కూర.

చలికి అంచులు మాడిన ఆకుల్ని ఇప్పుడే కోయకండి, లోపలి మొవ్వుకు అవే అడ్డు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. మొవ్వాకు విచ్చుకోవడం మొదలయ్యాక వీటిని కోసి, పశువుల ఎరువు వేసి, నీళ్లు పెంచండి.