రెండించుల నీళ్లంటే ఎన్ని నీళ్లు?

వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు రామన్ గారిని తలచుకోవడం ఆనవాయితీ. నాకు ముందు మాట్లాడినవారు ఆ పని చక్కగా చేశారు కనుక, నేను నేరుగా మన నల్లగొండ బత్తాయి తోటల్లోని పైపుల దగ్గరికి వస్తాను.

బోరు వేయించిన రైతును అడిగితే ‘రెండించుల నీళ్లు వడ్డయి’ అంటాడు. ఇంచు గొట్టానికి కొలత, నీటికి కాదు. సెకనుకు ఎన్ని లీటర్లు పారుతున్నాయో తెలియాలంటే గొట్టం మధ్యచ్ఛేద వైశాల్యాన్ని నీటి సగటు వేగంతో గుణించాలి. లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లయితే వైశాల్యం సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. నీరు గొట్టం నిండుగా సెకనుకు ఒక మీటరు చొప్పున పారితే దాదాపు 2 లీటర్లు వస్తాయి. వేగం సగమైతే వచ్చేది ఒక లీటరే. రెండూ ‘రెండించుల నీళ్లే’!

గుట్ట మీది తొట్టి నుంచి మా తోటకు రెండించుల పైపు ఉండేది. అది పగిలినప్పుడు దుకాణంలో ఒకాయన ‘ఇంచున్నర వేయండి సార్, ఫోర్సు పెరుగుతుంది’ అన్నాడు. పైపు మూతికి బొటనవేలు అడ్డుపెడితే నీరు దూరం చిమ్ముతుంది కదా అని, భౌతికశాస్త్రం చెప్పి బతికిన నేనూ తలూపాను. మా నాయన ఏమీ అనకుండా 20 లీటర్ల బకెట్ తెచ్చి పెట్టాడు. పాత పైపు కింద 10 సెకన్లలో నిండే బకెట్‌కు 19 సెకన్లు పట్టింది. ‘పంతులువు గదా బిడ్డా, కొనకముందు లెక్క సూడలేదా?’ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వేలు అడ్డుపెడితే ఇరుకయ్యేది మూతి ఒక్కటే. నేను గొట్టాన్ని ఆసాంతం ఇరుకు చేశాను. తొట్టి ఎత్తు మారలేదు, గోడల రాపిడి మాత్రం పెరిగింది. అందువల్ల వైశాల్యంతోపాటు వేగమూ తగ్గింది.

రక్తనాళాల్లో ప్రవాహం తెలుసుకోగోరిన ఫ్రెంచి వైద్యుడు ప్వాజెయ్ 1840 ప్రాంతంలో సన్నని గాజు గొట్టాలతో కొలిచి చూపింది మరీ కఠినం: ఒత్తిడి, పొడవు మారకుండా వ్యాసార్ధం సగమైతే ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. అయితే ఆ సూత్రం సుడులు లేని నెమ్మది ప్రవాహానికే. సుడులు తిరిగే మన తోట పైపులకు దాన్ని అంటగట్టకండి.

ఇంకా రెండు కాగితాలున్నాయి గాని వాటిని పక్కన పెడుతున్నాను. చేతి గడియారం ఉన్నవారు లేచి రండి. హాలు వెనక కుళాయి కింద బకెట్ పెట్టి వచ్చాను, అది ఎన్ని సెకన్లలో నిండుతుందో మీరే చూసి నాకు చెప్పండి.