ఎంటీవీ అరేబియాకి అసలు పోటీ ఎవరు?

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది జర్నలిజం విద్యార్థులే అన్నారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్తాను. ఎంటీవీ అరేబియా కథని మేనేజ్‌మెంట్ క్లాసుల్లో పాఠంగా చెబుతుంటారు. అమెరికా మ్యూజిక్ ఛానెల్ ఒకటి అరబ్బు దేశాల్లో అడుగుపెట్టింది, అక్కడి మతానికి సంగీతం గిట్టదు, అందుకని ఛానెల్ వాళ్లు ఆచితూచి నడవాల్సి వచ్చింది. స్థూలంగా పాఠం ఇదే. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇందులో మతాన్ని మార్కెట్ బయట కట్టిన గోడలా చూపిస్తారు. నా అభ్యంతరం అక్కడే. అరబ్బు మ్యూజిక్ టీవీలో మతం కూడా ఒక వ్యాపారస్తుడే. దానికీ ఛానెళ్లున్నాయి, స్టార్లున్నారు, అమ్ముడుపోయే ఆల్బమ్‌లున్నాయి.

ముందు జరిగింది చెప్తాను. 2007 నవంబర్‌లో దుబాయ్ నుంచి ఎంటీవీ అరేబియా ప్రసారాలు మొదలయ్యాయి. స్థానిక భాగస్వామి అరబ్ మీడియా గ్రూప్, అంటే దుబాయ్ పాలకుడి చేతిలో ఉన్న దుబాయ్ హోల్డింగ్‌కి చెందిన సంస్థ. అంతకుముందు గల్ఫ్‌లో ఎంటీవీ చూడాలంటే నెలనెలా డబ్బు కట్టాలి. ఇది మాత్రం ఉచితం, డిష్ ఉంటే చాలు. అక్కడి జనాభాలో సగానికి పైగా పాతికేళ్లలోపు వాళ్లే. ఇంతకంటే మంచి మార్కెట్ ఎక్కడ దొరుకుతుంది అనుకున్నారు. అమెరికన్ వీడియోలు, అరబ్బు పాటలు, స్థానికంగా తీసిన కార్యక్రమాలు కలిపి వేశారు. ముద్దులు, బూతులు, ఒంటి మీద బట్టలు తక్కువగా ఉన్న దృశ్యాలు ముందే చూసి తీసేస్తామని బహిరంగంగానే చెప్పారు.

వాళ్ల మంచి ప్రయత్నం 'హిప్ హాప్‌నా' అనే కార్యక్రమం. అరబ్బు దేశాల్లో ర్యాపర్ల కోసం వెతికే పోటీ అది. దాన్ని నడిపిన ఇద్దరినీ చూడండి. ఒకరు ఫ్రెడ్‌రెక్, అసలు పేరు ఫరీద్ నాసర్, అమెరికాలో పుట్టిన పాలస్తీనా బిడ్డ, స్నూప్ డాగ్ లాంటివాళ్లకి పాటలు కట్టిన ప్రొడ్యూసర్. రెండోవాడు ఖుసై, రియాద్‌లో పుట్టి, ఫ్లోరిడాలో చదివి, జెడ్డాకి తిరిగొచ్చిన సౌదీ ర్యాపర్. బూతు లేకుండా, తాగుడు లేకుండా, అరబ్బీలో ర్యాప్ చెయ్యొచ్చని నిరూపించిన మనిషి. ఇలాంటివాళ్లని తెరమీదికి తేవడం ఎంటీవీ చేసిన మంచి పని. దాన్ని ఎవరూ తక్కువ చెయ్యకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎంటీవీ అరేబియా వచ్చేసరికి ఆకాశంలో అరబ్బు మ్యూజిక్ ఛానెళ్లకి కొదవ లేదు. రోటానా, మెలొడీ, మజ్జికా. 1998లో ఈజిప్టు నైల్‌శాట్ ఉపగ్రహాన్ని ఎగరేశాక ఛానెల్ పెట్టడం చవకైపోయింది. 2003లో లెబనాన్ గాయని నాన్సీ అజ్రమ్ వీడియో ఒకటి అరబ్బు దేశాలన్నిటినీ ఊపేసింది. కాఫీ హోటల్లో, మగవాళ్ల మధ్య, నల్ల గౌనులో ఆమె ఆడుతూ పాడుతుంది. దాన్ని తీసింది నాదీన్ లబకీ. తర్వాత సినిమా దర్శకురాలిగా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న నాదీన్ లబకీనే. ఆ ఏడాదే నాన్సీ బహ్రెయిన్ కచేరీకి వస్తే వీధుల్లో గొడవలయ్యాయి. అంటే ఎంటీవీ ఏ దృశ్యాలైతే జాగ్రత్తగా కత్తిరిస్తోందో, వాటికి దీటైనవి పక్క ఛానెళ్లు రాత్రింబగళ్లు వేస్తున్నాయి, అదీ సొంత భాషలో.

ఆ ఛానెళ్లకి డబ్బు ఎక్కడిదో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 2000ల నడుమ ఏ అరబ్బు మ్యూజిక్ ఛానెలైనా పెడితే, తెర అడుగున ఒక పట్టీ పరుగెత్తుతూ ఉండేది. కొన్నిటికి రెండు మూడు పట్టీలు. పాట సగం వీటి వెనకే. ఆ పట్టీల్లో జనం పంపిన ఎస్సెమ్మెస్‌లు: ఫలానా మారుపేరు వాడికి ఫలానా మారుపేరు ఆవిడ సలాం, నీ జవాబు కోసం చూస్తున్నా, నిన్న ఎందుకు రాయలేదు. ఆడామగా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీల్లేని సౌదీ పట్టణాల్లో కుర్రకారు టీవీ తెరని ఉత్తరాల పెట్టెగా మార్చుకున్నారు. ఒక్కో మెసేజ్‌కి మామూలు కంటే ఎక్కువ చార్జి, అందులో టెలిఫోన్ కంపెనీకింత, ఛానెల్‌కింత. పాట పేరుకే, బేరం అడుగు పట్టీలో. ఇది న్యూయార్క్‌లో కూర్చుని ఊహించగలిగే వ్యాపారం కాదు.

సరే, మతం ఏమంటుంది? సంగీతం హరామా, హలాలా, అంటే నిషిద్ధమా, సమ్మతమా? దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పే పత్రికా వ్యాసం కనిపిస్తే దాన్ని అక్కడే మడిచి పక్కన పెట్టండి. ఖురాన్‌లో సంగీతం అనే మాటతో నిషేధం లేదు. లుక్మాన్ సూరాలో ఆరో వాక్యం, జనాన్ని దైవమార్గం నుంచి తప్పించే కాలక్షేపపు మాటల గురించి. అది పాటల గురించేనని ప్రవక్త సహచరుడు ఇబ్న్ మస్ఊద్ అన్నారని చెబుతారు. బుఖారీ సంకలనంలో ఒక హదీసు, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునేది, పట్టునీ మద్యాన్నీ వాద్యాలనీ ధర్మసమ్మతం చేసుకునేవాళ్లు నా సముదాయంలో వస్తారని. నిషేధం పక్షానికి ఇవి రెండూ పెద్ద ఆధారాలు. రెండోవైపు ఇంకో హదీసు ఉంది. పండగ రోజు ప్రవక్త భార్య ఆయిషా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పాడుతుంటే ఆవిడ తండ్రి అబూబకర్ కోప్పడ్డారు, ప్రవక్త మాత్రం, వాళ్లనలా వదిలెయ్యి, ఇవాళ పండగ అన్నారు.

పదకొండో శతాబ్దంలో స్పెయిన్‌కి చెందిన ఇబ్న్ హజమ్, ఆ వాద్యాల హదీసుని ఒకరి నుంచి ఒకరికి చెప్పినవాళ్ల గొలుసులో లంకె తెగిందని వాదించి, పాటకి అనుమతి ఉందన్నారు. 1111లో చనిపోయిన ఇమామ్ గజాలీ తన పెద్ద గ్రంథంలో వినడం గురించే ఒక భాగం రాశారు. ఆయన దృష్టిలో రాగం దానంతటది పాపం కాదు. ఎవరు వింటున్నారు, ఎవరి దగ్గర, ఏ సావాసంలో, మనసులో దేన్ని కదిలిస్తోంది, అదీ లెక్క. హైదరాబాద్ దర్గాల్లో ఖవ్వాలీ వినేవాళ్లకి ఈ తర్కం కొత్త కాదు. బార్కస్‌లో అరబ్బు సంతతి వాళ్ల పెళ్లిళ్లలో మర్ఫా డప్పులు మోగినప్పుడు, అది మన పండగ అనేవాళ్లూ, నికాహ్‌కి ఈ హడావిడి ఏంటి అనేవాళ్లూ ఒకే బంతిలో కూర్చుని బిర్యానీ తింటారు. వాదన ఇప్పటికీ అలాగే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలోనూ అంతే. కైరోలోని ఇస్లామిక్ విద్యాపీఠం అల్ అజ్హర్‌కి పెద్ద అయిన షేక్ మహమూద్ షల్తూత్, మంచి రాగం వినాలనిపించడం మనిషి సహజ గుణమని, అశ్లీలంతోనూ తాగుడుతోనూ కలిస్తేనే తప్పనీ ఫత్వా ఇచ్చారు. ఈజిప్టు పండితుడు ఖరదావీ 1960లో ఇదే దారిలో షరతులు పెట్టి సరే అన్నారు. సౌదీలో బిన్ బాజ్ లాంటి పెద్దలు మాత్రం వాద్యాలు నిషిద్ధమనే అన్నారు. ఇక ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పల్లెటూరి ఇమామ్ కూతురు. ఖురాన్ నేర్చుకుంటూ ఎదిగి, మగపిల్లాడి వేషంలో తండ్రి వెంట మతగీతాలు పాడింది. ఆవిడ గురువారం కచేరీ రేడియోలో వస్తుంటే అరబ్బు వీధులు ఖాళీ అయ్యేవి. ఆవిడ ఉచ్చారణ అంత స్పష్టంగా ఉండడానికి ఖురాన్ పఠనమే కారణమని పండితులూ అంటారు, అభిమానులూ అంటారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఎంటీవీ వచ్చిన కాలంలో మతపెద్దల కోపం చాలావరకు రాగం మీద కాదు, బొమ్మ మీద. ఆ ఒళ్లు, ఆ ఊపు, ఆ రంజాన్ వేళలు. 2008 సెప్టెంబర్‌లో సౌదీ అత్యున్నత న్యాయమండలి అధిపతి సాలిహ్ అల్ లుహైదాన్‌ని రేడియోలో ఒక శ్రోత అడిగాడు, రంజాన్‌లో టీవీల్లో వచ్చే చెడ్డ కార్యక్రమాల గురించి. అశ్లీలాన్ని వ్యాపింపజేసే ఛానెళ్ల యజమానులు మరో రకంగా దారికి రాకపోతే, న్యాయవిచారణ జరిపి మరణశిక్ష కూడా వెయ్యొచ్చని ఆయన జవాబు. ప్రపంచమంతా గగ్గోలు. కొన్ని నెలలకి, 2009 ఫిబ్రవరిలో, ఆయన పదవి పోయింది. చిత్రమేంటంటే ఆ మాట గురిపెట్టిన యజమానుల్లో ముఖ్యులు సౌదీ వాళ్లే, కొందరు ఏకంగా రాజకుటుంబీకులు. ఎంటీవీ ఆ గొడవలో ఎక్కడా లేదు. తిట్టించుకునే స్థాయికి కూడా రాలేదు పాపం!

ఆ యజమానుల్లో పెద్దవాడు ప్రిన్స్ వలీద్ బిన్ తలాల్. రోటానా పాటల ఛానెళ్లు ఆయనవే. 2006లో మొదలైన అల్ రిసాలా అనే ఇస్లామిక్ ఛానెలూ ఆయనదే. ఆయనకంటే ముందు సాలిహ్ కామిల్ ఇదే దారి పట్టారు. సినిమాలూ పాటలూ వేసే ఏఆర్టీ ఆయనది, 1998లో పెట్టిన మత ఛానెల్ ఇఖ్రా కూడా ఆయనదే. ఆయన భార్య సఫా అబుల్ సఊద్ ఈజిప్టు నటి, గాయని. ఆవిడ పండగ పాట లేకుండా కైరోలో ఈద్ తెల్లవారదు. నైట్‌క్లబ్బు పాటా, నమాజు పాఠమూ ఒకే జేబులోంచి వచ్చాయి. దీన్ని కపటం అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది వ్యాపారం బాగా తెలిసినవాళ్ల పనిలాగే కనిపిస్తుంది.

వలీద్ బిన్ తలాల్, సాలిహ్ కామిల్ డబ్బు రెండు వైపులా పెట్టారు. పాటలోకే మతాన్ని తెచ్చినవాళ్లు వేరే. 2003లో సామీ యూసుఫ్ అనే కుర్రాడు, టెహ్రాన్‌లో పుట్టి బ్రిటన్‌లో పెరిగినవాడు, ప్రవక్త మీద ఒక పాట చేశాడు. దాని వీడియో నాన్సీ వీడియో వచ్చిన ఛానెళ్లలోనే వచ్చింది. అందులో ఏముందో కాస్త దగ్గర్నుంచి చూడండి. శుభ్రంగా గడ్డం ట్రిమ్ చేసుకున్న కుర్రాడు, ఖరీదైన ఇల్లు, చేతిలో కెమెరా, ఎక్కడానికి కారు. అమ్మ చెయ్యి ముద్దుపెట్టుకుంటాడు, అంధుడైన పెద్దాయనకి సాయం చేస్తాడు, పిల్లలకి పాఠం చెబుతాడు, ఆఖర్న ఎడారిలోకి వెళ్లి వెలుగుని ఫోటో తీస్తాడు. పాప్ వీడియోలో ఉండాల్సిన తళుకులన్నీ ఉన్నాయి, అమ్మాయి ఒక్కతే లేదు. భక్తి ఉన్నవాడు పేదగా, ముసలిగా, కోపంగా ఉండక్కర్లేదు అన్న సందేశం కైరో మధ్యతరగతికి సూటిగా తగిలింది.

2005లో ఆయన రెండో ఆల్బమ్ వచ్చినప్పుడు దాన్ని రెండు రకాలుగా అమ్మారు. ఒకదాంట్లో పూర్తి వాద్యాలు. రెండోదాంట్లో గొంతు, డప్పు వాద్యాలు మాత్రమే. పాటలు అవే. తీగ వాద్యాలు హరామనే ఇంటికి ఒకటి, ఫర్వాలేదనే ఇంటికి ఒకటి! వెయ్యేళ్ల ధర్మశాస్త్ర చర్చని రికార్డింగ్ కంపెనీ రెండు సీడీలుగా మార్చింది. తర్వాత మాహెర్ జైన్ లాంటి గాయకులకీ ఇదే పద్ధతి కుదిరింది. ఎంటీవీ దృశ్యాలు కత్తిరించి జనాన్ని సంతృప్తిపరచాలనుకుంది. వీళ్లు శ్రోతకి ఎంచుకునే వీలిచ్చారు. నా లెక్కలో అసలు తేడా ఇక్కడుంది.

2009లో ఈజిప్టులో అహ్మద్ అబూ హైబా 'ఫోర్ షబాబ్' అనే ఛానెల్ పెట్టాడు, యువకుల కోసమని. పాశ్చాత్య పత్రికలు దానికి ఇస్లామిక్ ఎంటీవీ అని పేరు పెట్టాయి. అక్కడ వాదన సంగీతం ఉండాలా వద్దా అన్నది కాదు. ఆడగొంతు వినిపించాలా, ఆడమనిషి తెరమీద ఉండొచ్చా, ఉంటే ఎలా. మొదట్లో గాయనులు లేరు.

ఈ రెండు వైపుల మధ్య ఎంటీవీ అరేబియా ఇరుక్కుంది. తెగువ కావాలంటే లెబనాన్ క్లిప్పులున్నాయి. నీతి కావాలంటే నషీద్‌లు, అంటే సామీ యూసుఫ్ తరహా భక్తి పాటలున్నాయి. అమెరికన్ పాట కత్తిరింపుల్లేకుండా కావాలంటే యూట్యూబ్ అప్పటికే వచ్చేసింది. పైగా 2009లో దుబాయ్ అప్పుల్లో కూరుకుపోయింది, స్థానిక భాగస్వామి చేతులు బిగబట్టింది. తర్వాత పేరు ఎంటీవీ మిడిల్ ఈస్ట్‌గా మారింది, 2015లో ఛానెల్ మూతపడింది. ఏ ఫత్వా దాన్ని మూయించలేదు. ఇప్పుడు పాశ్చాత్య కంపెనీలు అక్కడ సొంత దుకాణం పెట్టడం కంటే ఉన్న దుకాణంలో వాటా కొంటున్నాయి. వార్నర్ మ్యూజిక్ 2021లో రోటానా మ్యూజిక్‌లో వాటా తీసుకుంది.

చివరిగా సౌదీ గురించి, ఎందుకంటే ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది. 2016లో మతపోలీసులకి అరెస్టు చేసే అధికారం తీసేశారు, వినోదానికి ఒక ప్రభుత్వ సంస్థ పెట్టారు. 2018లో సినిమా హాళ్లు తెరిచారు. 2019 నుంచి రియాద్ శివార్లలో లక్షల జనంతో డీజే పండగ జరుగుతోంది. దీన్ని సంగీతం గెలిచిందని రాసినవాళ్లున్నారు. ఆదిల్ అల్ కల్బానీని గుర్తుపెట్టుకోండి, ఒకప్పుడు మక్కా నగరంలోని కాబా మసీదులో ఇమామ్‌గా చేసినాయన. 2010లో పాట హరాం కాదంటే తోటి పండితులు ఆయన మీద విరుచుకుపడ్డారు, పుస్తకాలు తిరగేసి జవాబులు రాశారు. అదే మనిషి 2021లో రియాద్ సీజన్ అనే ప్రభుత్వ వినోదోత్సవం ప్రచార వీడియోలో కనిపించాడు. ఈసారి సోషల్ మీడియాలో జనం గుసగుసలే తప్ప ఆ స్థాయి పండితులెవరూ బహిరంగంగా కలబడలేదు. మధ్యలో, 2017 సెప్టెంబర్‌లో, సల్మాన్ అల్ ఔదా సహా పేరున్న పండితులు చాలామంది జైలుకెళ్లారు. సంగీతం గొడవల మీద కాదు, రాజకీయం మీద. కానీ దాంతో అన్ని గొడవల మీదా నోళ్లు మూతపడ్డాయి. గజాలీ కాలం నుంచి నడుస్తున్న వాదన రియాద్‌లో తేలిపోయిందని నేను అనుకోను. అక్కడ దాన్ని పైకి వినిపించకుండా చేశారు, అంతే. కైరోలోనూ హైదరాబాద్‌లోనూ అది ఇంకా బాహాటంగా నడుస్తోంది.

ప్రశ్నలుంటే అడగండి.