గిగాబాష్ రివ్యూ: క్రిటిక్స్‌ది ఒక మాట, ప్లేయర్లది ఇంకో మాట

నమస్తే. ఈ వీడియోలో గిగాబాష్ సంగతి చూద్దాం. మలేషియాకి చెందిన ప్యాషన్ రిపబ్లిక్ గేమ్స్ అనే ఇండీ స్టూడియో చేసిన గేమ్ ఇది, 2022 ఆగస్టులో వచ్చింది. ఊరంత జంతువులు, రోబోలు సిటీ నడిబొడ్డున తన్నుకుంటాయి, బిల్డింగులు పీకి విసురుకుంటాయి. ఒకేసారి నలుగురు ఆడొచ్చు. క్రిటిక్స్ దీన్ని "బాగుంది, కానీ..." అన్న దగ్గర ఆపేశారు. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో ప్లేయర్లు మాత్రం "వెరీ పాజిటివ్"లో కూర్చోబెట్టారు.

ఇక్కడ ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. స్టీమ్‌లో మార్కులుండవు. బొటనవేలు పైకా, కిందకా, అంతే. పదిమందిలో తొమ్మిదిమంది "పర్లేదు, కొనొచ్చు" అనుకుని పైకి పెడితే 90 శాతం వచ్చేస్తుంది. అదే తొమ్మిదిమందిని పదికి ఎంత అనడిగితే అందరూ ఏడే వేయొచ్చు. అంటే క్రిటిక్ వందకి ఇచ్చిన 70, స్టీమ్ చూపించే 90 శాతం, రెండూ ఒకే అభిప్రాయం కావచ్చు. ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి "క్రిటిక్స్‌కి ఏం తెలుసు" అని గొడవపడే థంబ్‌నెయిల్స్ చూస్తే నవ్వొస్తుంది.

అయినా తేడా ఉంది. ఎందుకుందో తెలియాలంటే ఆట ఎలా నడుస్తుందో చూడాలి. కొట్టుకుంటూ ఎనర్జీ పోగేసుకుంటే మీటర్ నిండుతుంది. అది నిండాక మీ టైటాన్, అంటే మీరు ఆడించే రాక్షసి, ఎస్-క్లాస్ అనే ఇంకా పెద్ద రూపానికి మారుతుంది. సైజు పెరుగుతుంది, దెబ్బ బరువూ పెరుగుతుంది. మధ్యమధ్యలో గిగా బాల్ ఒకటి వస్తుంది. అది దక్కినవాడికి పెద్ద అల్టిమేట్ అటాక్ చేతికొస్తుంది. ఇప్పుడు నలుగురు కూర్చుని ఆడుతున్నారనుకోండి. ఒకడు ఎస్-క్లాస్ అవగానే, అప్పటిదాకా కొట్టుకున్న మిగతా ముగ్గురూ మాట్లాడుకోకుండానే ఒక్కటైపోతారు. బాల్ కనిపించగానే ఆ పొత్తు విడిపోతుంది. ఈ గేమ్ ప్రాణమంతా ఆ పది సెకన్లలోనే ఉంది. కంప్యూటర్ ప్లేయర్లతో ఆడితే బాల్ వస్తుంది, ఎస్-క్లాస్ వస్తుంది, ఆ కుట్ర మాత్రం రాదు.

లాంచ్ టైమ్‌లో రివ్యూ రాసేవాడు ఎక్కువగా ఒక్కడే ఆడతాడు. ఆన్‌లైన్‌లో ఇంకా జనం ఉండరు. కాబట్టి చూపంతా స్టోరీ మోడ్ మీద పడుతుంది. అది కొన్ని గంటల్లో అయిపోతుంది, ఫైట్లు కూడా ఒకే తీరుగా అనిపిస్తాయి. ఒంటరిగా ఆడేవాళ్లకి ఆ తక్కువ మార్కులు న్యాయమే. కొన్న ప్లేయర్లలో చాలామంది మాత్రం 2002, 2003లలో వచ్చిన గాడ్జిల్లా: డిస్ట్రాయ్ ఆల్ మాన్‌స్టర్స్ మెలీ, వార్ ఆఫ్ ది మాన్‌స్టర్స్ లాంటి ఆటల కోసం ఏళ్ల తరబడి మొహం వాచిపోయి ఉన్నవాళ్లు. ఆకలి మీదున్నవాడు వేసే మార్కులు వేరేగానే ఉంటాయి మరి.

తేదీ కూడా చూడండి. క్రిటిక్ స్కోరు లాంచ్ రోజు దగ్గరే ఆగిపోతుంది. 2022 డిసెంబర్‌లో గాడ్జిల్లా, గైగన్, మెకాగాడ్జిల్లా, డెస్టొరోయా డీఎల్సీగా, అంటే విడిగా కొనుక్కునే అదనపు ప్యాక్‌గా వచ్చాయి. తర్వాత రాసిన ప్లేయర్ రివ్యూల్లో ఆ సంబరం కూడా కలిసి ఉంటుంది. డీఎల్సీకి మళ్లీ డబ్బులు కట్టాలి, అది మర్చిపోకండి.

కెమెరా విషయంలో మాత్రం నా ఓటు క్రిటిక్స్‌కే. స్క్రీన్ విడిపోదు, అందరికీ ఒకే కెమెరా. నలుగురూ నాలుగు మూలలకి పోతే అది వెనక్కి జరుగుతుంది, బొమ్మలు చిన్నవైపోతాయి. దుమ్ము, పేలుళ్లు, కూలే గోడల మధ్య మీ టైటాన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. చిన్న స్క్రీన్ మీద ఇది మరీ చిరాకు. మొదట్లో ఇద్దరితో ఆడండి, కన్ను అలవాటుపడ్డాక నలుగురికి వెళ్లండి. నలుగురూ వేరే వేరే ఆకారాలు తీసుకోండి: అపార్ట్‌మెంట్ బిల్డింగే రాక్షసైన కాంక్రీట్, మొక్క లాంటి రొహానా, రోబో థండట్రాస్ ఇలా. గందరగోళం సగం తగ్గుతుంది.

ఫ్రెండ్స్ దూరంగా ఉంటే స్టీమ్ రిమోట్ ప్లే టుగెదర్ వాడొచ్చు, గేమ్ ఒక్కరు కొంటే చాలు. గేమ్ నడిచేది హోస్ట్, అంటే కొన్నవాడి మెషీన్‌లో, మిగతావాళ్లకి వెళ్లేది వీడియో మాత్రమే. కాబట్టి హోస్ట్ అప్‌లోడ్ స్పీడ్ తక్కువైతే వాళ్లు దెబ్బ ఆపే బ్లాక్ బటన్ నొక్కేలోపే దెబ్బ పడిపోతుంది, హోస్ట్‌కి మాత్రం అంతా సాఫీగా ఉంటుంది. ఓడినవాడు "ల్యాగ్" అంటే ఈసారికి నమ్మేయండి.

కొనేముందు స్టీమ్ రివ్యూలని ప్లేటైమ్ ప్రకారం ఫిల్టర్ చేయండి. గంటలోపు రాసినవి పక్కనపెట్టి, పది గంటలు దాటినవాళ్లు ఏమన్నారో చదవండి. ఒంటరిగా ఆడారా, మనుషులతో ఆడారా అన్నది అందులో తెలిసిపోతుంది. రీఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన టైమ్ రెండు గంటలు దాటకూడదు. అందుకే స్టోరీ మోడ్‌తో మొదలుపెట్టకండి, ఆ రెండు గంటలూ అందులోనే కరిగిపోతాయి. అరగంట ట్రైనింగ్‌లో బ్లాక్, గ్రాబ్, చార్జ్ దెబ్బలు పట్టుకుని, మిగతా టైమ్ మీరు ఎవరితో ఆడాలనుకుంటున్నారో వాళ్లని పిలిచి ఆడండి.